ఒకే గుక్కలో ఏడు మాత్రలు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. మా అమ్మకు 52 ఏళ్లు, బరువు 58 కిలోలు. ఎనిమిది నెలల కిందట హైదరాబాదులో గొంతు గడ్డకు ఆపరేషన్ చేసి థైరాయిడ్ గ్రంథిని మొత్తం తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) 100 మైక్రోగ్రాములు, కాల్షియం మాత్రలు రోజుకు మూడు, కాల్సిట్రయోల్ క్యాప్సూళ్లు రెండు, గ్యాస్ మాత్ర ఒకటి రాశారు. అమ్మ పత్తి చేనుకు వెళ్తుంది. మధ్యాహ్నం మరచిపోతానని పొద్దున ఐదున్నరకే అన్నీ ఒకేసారి వేసుకుని, పావుగంటకు చాయ్ తాగుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) 18 వస్తే మాత్రను 125కు పెంచారు. రెండు నెలల తర్వాత చూస్తే 14. ఇంకా పెంచాలేమో అంటున్నారు. మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు వస్తున్నాయి, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. పోయిన వారం చేయించిన పరీక్షలో కాల్షియం 7.4, ఆల్బుమిన్ 4. ఊళ్లో వైద్యం చేసే ఆయన నరాల బలహీనత అని నాలుగు నెలలుగా బలం సూదులు వేస్తూ, వారానికొక విటమిన్ డి పొట్లం తాగిస్తున్నారు. పక్కింటివాళ్లు ఫ్లోరైడు నీళ్ల వల్లే అంటున్నారు. మాత్రలకు అలవాటు పడిపోతానని అమ్మ భయం. కాల్షియమైనా ఆపేయవచ్చా? మా వదినకూ థైరాయిడే. ఆమెది కార్బిమజోల్ మాత్ర. రెండూ ఒకటేనా?
– ఒక కూతురు, నల్లగొండ జిల్లా

సమాధానం: అమ్మా, మిగతాదంతా నింపాదిగా మాట్లాడుకుందాం. ముందు ఒక తొందర పని ఉంది. తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం ఉన్న మనిషికి కాల్షియం 7.4 అంటే వచ్చే నెల చూద్దాం అనుకునే అంకె కాదు. మామూలుగా అది 8.5కు పైన ఉండాలి. ఆల్బుమిన్ అంటే రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రొటీన్. అది తక్కువగా ఉన్నవారిలో కాల్షియం ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. మీ అమ్మగారికి ఆల్బుమిన్ సరిగ్గానే ఉంది, కాబట్టి 7.4 నిజమైన 7.4. రేపో ఎల్లుండో ఆమెను ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికో, నల్లగొండ పెద్దాసుపత్రికో తీసుకువెళ్లండి. కాల్షియం మళ్లీ చూడమనండి, దానితోపాటు మెగ్నీషియం చూడమనండి, ఒక ఈసీజీ తీయమనండి. కాల్షియం బాగా తగ్గితే గుండె కొట్టుకునే లయ కూడా దెబ్బతింటుంది.

ఇక మీ ఉత్తరం సంగతి. రెండుసార్లు చదివాను. మొదటిసారి అంకెల కోసం చదివాను. రెండోసారి ‘పొద్దున ఐదున్నరకే అన్నీ ఒకేసారి’ అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని అమ్మగారి అలవాటుగా, ఏదో పక్కమాటలా రాశారు. నాకైతే మీరు అడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే కనిపించింది.

థైరాక్సిన్ చాలా సుకుమారమైన మందు. మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతుల లెక్క. పక్కనే కాల్షియం పడితే పేగులో అది దానికి అతుక్కుపోతుంది. అతుక్కున్నది రక్తంలోకి రాదు, మలంతో బయటికి పోతుంది. ఐరన్ మాత్రలు, గ్యాసుకు తాగే తెల్లటి మందు కూడా ఇదే పని చేస్తాయి. మీ అమ్మగారు మింగినది 125 మైక్రోగ్రాములే. ఒంటికి అందినది ఎంతో ఎవరికి తెలుసు?

ఆమె బరువుతో ఒక లెక్క వేసి చూడండి. గ్రంథి పూర్తిగా తీసేసినవారికి రోజుకు కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాముల థైరాక్సిన్ అవసరం పడుతుంది. 58 కిలోలకు అది 93 దగ్గర తేలుతుంది. అంటే మొదట రాసిన 100 సరిపోవాల్సిన మోతాదే. సరిపోవాల్సింది సరిపోలేదంటే ఎంత మింగారని అడగడానికి ముందు ఎలా మింగారని అడగాలి. ఆ మాట ఎవరూ అడిగినట్టు లేదు. చీటీ మీద ‘పరగడుపున’ అని రాసి ఉంటుంది, మీ అమ్మగారు పరగడుపునే వేసుకుంటున్నారు కూడా. మరి ఇంకేం లోటని మీకూ అనిపించి ఉంటుంది. దానితోపాటు మరో ఆరు మాత్రలు కూడా పరగడుపునే వెళ్తున్నాయన్నదే లోటు.

ఇందులో ఇంకో నష్టం ఉంది. అంత చేసి కాల్షియమైనా ఒంటికి పట్టిందా అంటే అదీ లేదు. మనవాళ్లకు ఎక్కువగా రాసేది కాల్షియం కార్బొనేట్. 1250 మిల్లీగ్రాముల మాత్రలో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములు. అది కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లం బాగా ఊరేది అన్నం తిన్నప్పుడు. మీ అమ్మగారు ఖాళీ కడుపున వేసుకుంటున్నారు, పైగా ఆమ్లాన్ని ఆపే గ్యాస్ మాత్రను దానికి తోడిస్తున్నారు. అదీ చాలక మూడూ ఒకేసారి. పేగు ఒక విడతకు 500 మిల్లీగ్రాములకు మించి బాగా పీల్చుకోలేదు. అలా థైరాక్సిన్‌ను కాల్షియం ఆపింది, కాల్షియాన్ని గ్యాస్ మాత్ర ఆపింది.

ఆ గ్యాస్ మాత్ర ఎందుకో అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ తర్వాత పది రోజులకని రాసినది ఎనిమిది నెలలుగా నడుస్తూ ఉండవచ్చు. మన వైపు గ్యాస్ మాత్రకు ఉన్న గౌరవం ఇంకే మందుకూ లేదు. మోకాలి నొప్పి చీటీలోనూ అది ఉంటుంది, జ్వరం చీటీలోనూ ఉంటుంది. అదేమీ విషం కాదు, అవసరమైనవారికి మంచి మందే. కాకపోతే దాని ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి వేళ మార్చినంత మాత్రాన చిక్కు తీరదు. థైరాక్సిన్ ఒంటికి పట్టడాన్ని అది కూడా తగ్గిస్తుంది. నెలల తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుంది. మెగ్నీషియం పడిపోతే ఎంత కాల్షియం పోసినా అంకె పెరగదు. ఆ పరీక్ష అడగమన్నది ఇందుకే. గ్యాస్ మాత్ర తప్పదని డాక్టరు అంటే, కార్బొనేట్‌కు బదులు కాల్షియం సిట్రేట్ ఇవ్వవచ్చేమో అడగండి. దానికి ఆమ్లంతో పని లేదు.

చేనుకు వెళ్లే మనిషికి వేళలు ఎలా కుదురుతాయి? నాకు తోచిన పద్ధతి ఇది. నిద్ర లేవగానే, ఐదుకో ఐదున్నరకో, థైరాక్సిన్ ఒక్కటే మంచినీళ్లతో వేసుకోవాలి. చాయ్ ఆరున్నరకు. కనీసం అరగంట ఆగాలి, గంట ఆగితే ఇంకా మేలు. పనికి వెళ్లాక తొమ్మిదిన్నర, పది మధ్య సద్ది విప్పుతారు కదా, అప్పుడు తిండితోపాటు మొదటి కాల్షియం. థైరాక్సిన్‌కూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలన్న నియమం అలా తనంతట తానే కుదిరిపోతుంది. రెండోది మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు తిండితో. మూడోది రాత్రి అన్నంతో. కాల్సిట్రయోల్‌కు ఈ గొడవ లేదు, ఉదయం సద్దితో ఒకటి, రాత్రి అన్నంతో ఒకటి వేసుకోవచ్చు. మరచిపోతారన్న భయానికి మందు కూడా సద్ది మూటలోనే ఉంది. రోజూ రెండు కాల్షియం మాత్రలు, ఒక క్యాప్సూల్ చిన్న డబ్బీలో వేసి అన్నం గిన్నె మీద పెట్టండి. గిన్నె తీయాలంటే డబ్బీ తీయాల్సిందే.

థైరాక్సిన్‌ను రాత్రి పడుకునేటప్పుడు వేసుకోమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. తిన్న మూడు గంటల తర్వాత అయితే అదీ మంచి పద్ధతే. మీ అమ్మగారికి మాత్రం రాత్రి అన్నంతో కాల్షియం ఉంది కాబట్టి పొద్దున్నే నయం.

వేళలు సరిచేసిన రోజు నుంచి ఒక కొత్త జాగ్రత్త మొదలవుతుంది. ఇన్నాళ్లూ సగం వృథా అయిన 125 ఇప్పుడు మొత్తంగా ఒంట్లోకి వెళ్తుంది. ఆమె బరువుకు అది ఎక్కువే. గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. ఈ వయసు ఆడవాళ్లలో చాలాకాలం ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే ఇంకా పెంచాలా అని అడగడానికి బదులు డాక్టరుతో ఇలా అనండి: ‘ఇన్నాళ్లూ అన్నీ కలిపి మింగింది, ఇప్పుడు వేళ మారుస్తున్నాం, మళ్లీ 100 చేద్దామా?’ నేనైతే 100కే మొగ్గు చూపుతాను. కానీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నాడి చూసే మనిషిదే నిర్ణయం. క్యాన్సర్ లేదన్నారు కనుక టీఎస్‌హెచ్ మామూలు హద్దుల్లోకి వస్తే చాలు. క్యాన్సర్‌కు గ్రంథి తీసేసినవారిలో కొందరికి దాన్ని కావాలనే ఇంకా కిందికి దించుతారు. అటువంటి వారి చీటీని చూసి పోల్చుకోకండి.

వేళలు మార్చిన పదిహేను రోజులకే టీఎస్‌హెచ్ చేయించి డబ్బు పారేసుకోవద్దు. థైరాక్సిన్ ఒంట్లో చెరువు నీరులాంటిది. మెల్లగా నిండుతుంది, మెల్లగా తగ్గుతుంది. ఈ రోజు ఆపినా సగం తగ్గడానికి వారం పడుతుంది. అందుకే మార్పు చేశాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయిస్తారు. ఒక రోజు మాత్ర మరచిపోయినా కొంప మునగదు, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. కాల్షియం అలా కాదు, అది కడవలో నీరు. పొద్దున నింపితే సాయంత్రానికి అడుగంటుతుంది. గడిచిన ఎనిమిది నెలల్లో అమ్మగారికి ఎక్కువ ఇబ్బందిగా ఉన్న రోజులు ఏవో గుర్తు చేసుకోండి. ఒక్కపొద్దు ఉన్న రోజు మందులు కూడా మానేస్తారేమో చూడండి. మన ఇళ్లలో ఇది మామూలే. మందు తాగితే ఒక్కపొద్దు చెడుతుందనుకుంటారు. ఆ రోజు పాలో పండో ఏదో ఒకటి తీసుకుంటారు కదా, దానితో కాల్షియం వేసుకోవాల్సిందే.

తిమ్మిర్ల కథ చెబుతాను. థైరాయిడ్ గ్రంథి వెనక, దానికి అంటుకుని, కందిగింజంత గ్రంథులు నాలుగు ఉంటాయి. పారాథైరాయిడ్లు అంటారు. పేరు థైరాయిడ్‌ను పోలి ఉన్నా పని వేరు. రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపలా కాయడం వాటి పని. అవి వదిలే హార్మోన్‌ను పీటీహెచ్ అంటారు. అది ఎముకలోంచి కాల్షియం తీస్తుంది, మూత్రంలో పోతున్న కాల్షియాన్ని వెనక్కి లాగుతుంది, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చమని మూత్రపిండాన్ని పురమాయిస్తుంది. థైరాయిడ్ మొత్తం తీసేటప్పుడు ఎంత నేర్పరి సర్జన్ చేతిలోనైనా వీటికి రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతినవచ్చు. ఎక్కువమందిలో అవి కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటాయి. కొద్దిమందిలో కోలుకోవు.

మహబూబ్‌నగర్‌లో పనిచేసిన రోజుల్లో ఒకామె నా దగ్గరికి నరాల బలహీనత అని వచ్చింది. సంచి నిండా బలం మందులు. నర్సు బీపీ చూద్దామని చేతికి పట్టీ కట్టి గాలి నింపి, ఎవరో పిలిస్తే అలాగే వదిలేసి అటు తిరిగింది. మూడు నిమిషాలు కాకముందే ఆమె చేయి తనంతట తానే ముడుచుకుపోయింది. వేళ్లన్నీ ఒకచోటికి చేరి, బొటనవేలు లోపలికి మడుచుకుని, చిటికెడు ముగ్గు పట్టుకున్నట్టు. నర్సు హడలిపోయింది. రక్తంలో కాల్షియం తగ్గినవారికి పట్టీ బిగిస్తే చేయి అలా ముడుచుకుంటుంది. నేను ఆమె మెడ మీది కొంగు తొలగించి చూశాను, సన్నని ఆపరేషన్ గీత కనిపించింది. అంతకు ముందు ఆమెను చూసినవారెవరూ ఆ మెడ వైపు చూడలేదు. నేను కూడా పట్టీ బిగిశాకే చూశాను, అది ఒప్పుకోవాలి.

మీ ఊరి వైద్యుడు వేసిన బలం సూదులు బి12 అయి ఉంటాయి. వాటితో హాని లేదు, ఈ తిమ్మిర్లకు ఉపయోగమూ లేదు. మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్ల చివర జివ్వుమనడం, రాత్రి పిక్కలు పట్టేయడం, ఈ మూడూ మెడ ఆపరేషన్ అయిన మనిషిలో కనిపిస్తే మొదట అనుమానించాల్సింది కాల్షియాన్నే. పక్కింటివాళ్లను మాత్రం నేను తప్పుపట్టను. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వంగిన నడుములను, బిగిసిన మెడలను చూసిన తరానికి ఏ నొప్పి వచ్చినా ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్లలో ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందిస్తే దానికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. ఊరి పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కాల్సిన దారి అది కాదు, కానీ ఎక్కింది. ఫ్లోరైడు ముఖ్యంగా కీళ్లను, వెన్నును బిగదీస్తుంది. పూట పూటకూ వచ్చి పోయే మూతి తిమ్మిర్లు దాని లక్షణం కాదు. ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే నల్లా నీళ్లకు మారండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఎవరికీ మంచిది కాదు. తిండిలో కాల్షియం తక్కువైనవారికి అది ఇంకా ఎక్కువ చేటు.

విటమిన్ డి పొట్లం దగ్గర మాత్రం నాకు కోపమే వచ్చింది. ఒక్కో పొట్లంలో 60,000 యూనిట్లు ఉంటాయి. సాధారణంగా ఎనిమిది వారాలు ఇచ్చి ఆపి, ఆ తర్వాత ఎలాగో ఆలోచిస్తారు. నాలుగు నెలలు వారం వారం ఎవరి లెక్క ప్రకారం తాగించారు? పైగా ఆ డి విటమిన్ కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో ఒకసారి మారితేనే పని చేస్తుంది. ఆ రెండో మార్పును నడిపించేది పీటీహెచ్. అది తక్కువైనవారిలో బండి ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. అందుకే మీ సర్జన్ ఆ మెట్టు దాటించిన మందునే నేరుగా రాశారు, అదే కాల్సిట్రయోల్. రెండు మూడు రోజుల్లో పని మొదలుపెడుతుంది, ఆపితే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, పగ్గం మన చేతిలో ఉంటుంది. పొట్లం మందు అలా కాదు. కొవ్వులో చేరి నెలల పాటు నిలవ ఉంటుంది. ఒంట్లో డి నిజంగా తక్కువగా ఉంటే కొంత ఇవ్వడం మంచిదే, కానీ పరీక్ష చేయించి, కొలిచి ఇవ్వాలి. ప్రస్తుతానికి పొట్లాలు ఆపి, విటమిన్ డి ఎంతుందో చూడమనండి.

ఎందుకంటే రేపటి నుంచి కాల్షియం తిండితో సరిగ్గా లోపలికి వెళ్తుంది. లోపల నిలవ ఉన్న డి ఉంది, కాల్సిట్రయోల్ ఉంది. ఈ మూడూ కలిస్తే అంకె 7.4 నుంచి పైకెక్కి హద్దు దాటిపోయే ప్రమాదం లేకపోలేదు. టీఎస్‌హెచ్‌కు ఆరు వారాలు ఆగమన్నాను. కాల్షియం పరీక్ష మాత్రం వారం రోజుల్లో ఒకసారి, మరో వారం పది రోజుల్లో ఇంకోసారి చేయించాలి. రక్తం ఇచ్చే రోజు పొద్దున మాత్రలేవీ వేసుకోకుండా వెళ్లి, ఇచ్చాక వేసుకోమనండి. మలబద్ధకం, ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, వికారం, మత్తుగా ఉండటం కనిపిస్తే కాల్షియం ఎక్కువైందేమోనని అనుమానించాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. పీటీహెచ్ లేనివారికి కాల్షియం అంకెను మామూలు హద్దుల నడిమికి తేవాలని చూడరు. 8, 9 మధ్య ఎక్కడో, తిమ్మిర్లు లేకుండా ఉంటే చాలు. మూత్రంలో పోయే కాల్షియాన్ని వెనక్కి లాగే హార్మోన్ లేదు కాబట్టి రక్తంలో ఎంత పెంచితే అంత మూత్రపిండాల గుండా కారిపోతుంది. అక్కడ పేరుకుని రాళ్లు కడుతుంది. మే నెలలో చేనులో చెమటోడ్చే మనిషికి ఆ ముప్పు రెండింతలు. నీళ్లు బాగా తాగమనండి. కొన్నాళ్లకు ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి అందులో కాల్షియం ఎంత పోతోందో చూస్తారు. విసుక్కోకుండా చేయించండి.

కాల్షియం ఆపవచ్చా అన్నారు. ఇప్పుడు వద్దు, ఒక్క పూట కూడా వద్దు. ఆపడానికి ఒక దారి ఉంది, అది పీటీహెచ్ పరీక్షతో మొదలవుతుంది. ఆపరేషన్ అయి ఆరు నెలలు దాటింది. ఆ హార్మోన్ కనిపించే స్థాయిలో ఉంటే గ్రంథులు బతికే ఉన్నాయన్నమాట. అప్పుడు మాత్రలను ఒక్కొక్కటిగా, మధ్య మధ్య రక్తం చూసుకుంటూ డాక్టరే తగ్గిస్తారు. అసలు కనిపించకపోతే, ఏడాది దాకా చూసి, ఇక ఇవి ఉండిపోయే మందులేనని తేలుస్తారు. ఇన్నాళ్లూ మందు సరిగ్గా లోపలికి వెళ్లలేదు కనుక 7.4 అంకెను చూసి గ్రంథులు చచ్చిపోయాయని నేను ఇప్పుడే అనలేను.

చేతులు కొంకర్లు పోయి విప్పుకోకపోయినా, గొంతు బిగిసి ఊపిరి తీసేటప్పుడు కూత వచ్చినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తగ్గినా ఇంట్లో ఆగకండి. 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ కాల్షియం గ్లూకొనేట్ సూదిని నరంలోకి పది నిమిషాలకు తగ్గకుండా, గుండె లయ చూస్తూ నెమ్మదిగా ఎక్కిస్తారు. ఆ సూది ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కుతుంది. అది చూసి మందు పనిచేస్తోందని మురిసిపోయి, ఊళ్లో మంచం మీదే గబగబా ఎక్కించేవారిని చూశాను. గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. నరం తప్పితే అక్కడి కండ మాడిపోతుంది.

అలవాటు పడిపోతానన్న అమ్మగారి భయానికి ఒక పాత కథ చెప్పండి. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మరే అనే డాక్టరు దగ్గరికి థైరాయిడ్ పనిచేయక ఒళ్లంతా ఉబ్బి, మాట మందగించిన 46 ఏళ్ల ఆమె వచ్చింది. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. ఆయన గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని సూదిగా ఇచ్చారు, తర్వాత తాగించారు. ఆమె మరో 28 ఏళ్లు బతికింది. ఆ కాలమంతా ఆమెకు ఇచ్చిన రసానికి 870కి పైగా గొర్రెల గ్రంథులు పట్టాయట. పాలమూరు కురుమలు వింటే మంద మొత్తం లెక్క వేస్తారు. ఈ రోజు మీ అమ్మగారు వేసుకునే చిన్న మాత్రలో ఉన్నది ఆమె గ్రంథి ఎనిమిది నెలల కిందటి దాకా తయారుచేసిన వస్తువే. ఇల్లు తగలబడ్డాక బియ్యం కొనుక్కుంటే బియ్యానికి అలవాటు పడ్డట్టా?

తిండి విషయంలో భయాలేమీ పెట్టకండి. వండిన క్యాబేజీ, గోబి ఆమెకు ఏమీ చేయవు. చెడగొట్టడానికి అసలు గ్రంథే లేదు. తైద అంబలి చాలా మంచిది, వంద గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాకపోతే అదీ కాల్షియమే కదా, పొద్దున థైరాక్సిన్ మీద తాగించకుండా సద్ది వేళకు పంపండి. మీల్ మేకర్ కూర కూడా పొద్దున మాత్రకు దూరంగా ఉండాలి. థైరాక్సిన్ ఎండకు, వేడికి, తేమకు చెడిపోతుంది. రేకుల ఇంట్లో కిటికీ గూట్లో పెడితే ఏప్రిల్, మే నెలల్లో మాత్రలో బలం తగ్గిపోతుంది. అసలు సీసాలోనే ఉంచి, మూత బిగించి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల పెట్టండి. సద్ది డబ్బీలోకి దాన్ని ఎక్కించకండి, అందులో కాల్షియం, క్యాప్సూల్ మాత్రమే.

ఇక మీ వదిన. ఆమె జబ్బు మీ అమ్మగారి జబ్బుకు తలకిందులు. అమ్మగారికి హార్మోన్ తయారు కాదు, బయటి నుంచి పోస్తున్నాం. వదినకు ఎక్కువగా తయారవుతోంది, కార్బిమజోల్ ఆ తయారీని అడ్డుకుంటుంది. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకుంటే ఇద్దరికీ చేటే. కార్బిమజోల్‌ను తరచుగా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా, మోతాదు తగ్గించుకుంటూ వాడతారు. దానితో అరుదుగా ఒక పెద్ద ప్రమాదం ఉంది. రక్తంలో తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే ఊళ్లో సూది వేయించుకుని ఊరుకోకూడదు. ఆ రోజే కార్బిమజోల్ ఆపి, తెల్లకణాల లెక్క చూపించుకోవాలి. పిల్లల కోసం చూస్తుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భం మొదటి మూడు నెలల్లో ఈ మందు బిడ్డకు మంచిది కాదు, వేరే మందుకు మారుస్తారు. నెల తప్పాక చెబుదామని ఆగితే ఆలస్యమవుతుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ పరీక్షకు రెండు రోజుల ముందు మానేయమనండి. వాటివల్ల కొన్ని యంత్రాల్లో అంకెలు తారుమారుగా వస్తాయి.

ఒకే ఇంట్లో రెండు థైరాయిడ్ మందులు ఒకే గూట్లో ఉంటే చీకటి వేళ ఐదున్నరకు ఏది ఎవరిదో తేలదు. వదిన మందును వంటింట్లో పెట్టించండి, అమ్మగారిది ఆమె పడుకునే గదిలో. అక్షరాలు చదవడం కష్టమైతే వదిన మందుకు ఒక ఎర్ర దారం కట్టండి.